పురుగు పేరు చెప్పకుండా ఇచ్చిన మందు

బావను బోథ్ నుంచి కరీంనగర్ తీసుకొచ్చిన రోజు ఆయనకు పెద్ద జబ్బేదీ ఉన్నట్టు లేదు. బావ అంటే మా అక్క భర్త, పత్తి రైతు. నాలుగు ముద్దలకే కడుపు నిండుతోందని, ఎడమ డొక్కలో ఏదో గట్టిగా తగులుతోందని అంటే పరీక్షలు చేయిద్దామని మా ఇంటికి తీసుకొచ్చాను. రక్తపరీక్షలో తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయి.

డాక్టర్ బావను బయట కూర్చోబెట్టి అక్కనూ నన్నూ లోపలికి పిలిచాడు. బ్లడ్ క్యాన్సర్ అంటే ఒకటే జబ్బు కాదన్నాడు. మందుల చీటీ వెనక గీతలు గీశాడు. ఎముకల మూలుగలో పుట్టి రక్తంలో పారేది లుకేమియా. మెడలో, చంకల్లో ఉండే లింఫు గ్రంథుల్లో గడ్డలు కట్టేది లింఫోమా. మూలుగలో ఒక జాతి కణాలు చెడి ఎముకలను గుల్ల చేసేది మైలోమా. లుకేమియాలో మళ్లీ రెండు ప్రశ్నలు. వారాల్లో ముంచుకొచ్చేదా, ఏళ్లకేళ్లు మెల్లగా నడిచేదా? చెడింది లింఫాయిడ్ కణమా, మైలాయిడ్ కణమా? గీతల మధ్య నాలుగు గళ్లు ఏర్పడ్డాయి. బావ ఏ గడిలో ఉన్నాడో ఖాయంగా చెప్పాలంటే జన్యుపరీక్ష రావాలన్నాడు.

మనుషులను కులాల గళ్లలో వేసే పద్ధతి మీద జీవితమంతా సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, ఆ చీటీ జేబులో పెట్టుకుని ఒక మంచి గడి కోసం ఎదురుచూశాను.

మెల్లగా నడిచే మైలాయిడ్ రకం అని వచ్చింది. రోజుకో గోలీ మానకుండా వేసుకుంటే చాలామంది ఏళ్ల తరబడి మామూలుగానే బతుకుతారన్నాడు డాక్టర్. అక్కకు అందులో క్యాన్సర్ అన్న మాట ఒక్కటే వినిపించింది. వరండాలో నా చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, ఆయనకు చెప్పకు. పేరు ఇంటెనే సగం సచ్చిపోతడు. రక్తం చెడింది, గోలీలు మింగితే సాఫైతదని చెప్పు."

"అబద్ధం ఎట్ల చెప్పాలె అక్కా?"

"దేవుడు లేడని ఊరూరు తిరిగినవ్. నేను ఎన్నడన్న అడ్డమచ్చిన్నా? గిదొక్కటి నా కోసం చెయ్యి."

మా దగ్గర ఇది ఇంటింటి ఆచారం. జబ్బు పేరు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, జబ్బున్న మనిషికి తప్ప. దీన్ని తిడుతూ నేను ఉపన్యాసాలే ఇచ్చాను. ఆ రోజు వాదించే ఓపిక లేదు. అక్క చెప్పమన్నట్టే చెప్పాను.

మూడు నెలలకు కణాలు మామూలుకొచ్చాయి. రక్తం సాఫైందని బావ సంతోషంగా ఊరికి పోయాడు. ఆ తర్వాతి పరీక్షకు పత్తి ఏరడం అయిపోయాకే వచ్చాడు. కణాలు మళ్లీ పెరిగాయి. గోలీలు ఎవరు ఆపమన్నారని డాక్టర్ అడిగాడు.

"సాఫైందన్నరు గద సారూ. గా గోలీ మింగితే కడుపుల తిప్పుతది, కండ్లు ఉబ్బుతయి. పని దినాలు. రెండు నెలలు బందు పెట్టిన."

డాక్టర్ నా వైపు చూశాడు. ఈ రెండు నెలల్లో జబ్బు మందుకు లొంగకుండా మారిపోయి ఉండవచ్చన్నాడు. మళ్లీ మొదలుపెట్టి చూద్దామన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఆ పాత చీటీ తీశాను. నాలుగు గళ్లు చూపించి, నీది ఇదీ అన్నాను. క్యాన్సర్ అన్న మాట కూడా అన్నాను. బావ చీటీని చేతిలోకి తీసుకున్నాడు.

"వానకాలంల మా చేన్ల నిలబడి ఏమన్నవ్ బామ్మర్దీ?"

గుర్తుంది. దుకాణంవాడు ఇచ్చిన మందల్లా కొట్టకు, ఏ పురుగో ముందు తెలుసుకో అన్నాను.

"తెల్లదోమ మందు గులాబి పురుగుకు పనిచెయ్యదని నాకే పాఠం చెప్తివి. నా కాడికి వచ్చేసరికి పురుగు పేరు చెప్పకుండ మందు కొట్టుమంటివి. పురుగు కనవడ్త లేదని నేను కొట్టుడు ఆపిన."

"తప్పు నాదే బావా."

"నీదే. మైకు ముంగటనైతే మస్తు మాట్లాడ్తవ్." చీటీ మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "గీ నాలుగిట్ల నాది మంచిదేనా?"

"మందున్నది. మింగితేనే."

అక్కడి నుంచే అక్కకు ఫోన్ చేశాడు. "నాకు తెలిసింది. ఇగ చాటుకు ఏడువకు. రోజు అన్నం తిన్నంక గోలీ యాది చెయ్యి."

గోలీ మళ్లీ పట్టిందో లేదో వచ్చే నెల పరీక్షలో తెలుస్తుంది. నిన్న అక్క ఫోన్ చేసి, ధర్మపురి పోయి మొక్కు తీర్చుకొస్తామంది. ఇదివరకటి నేనైతే గంటసేపు వాదించేవాణ్ణి. పోయిరమ్మన్నాను. గోలీల డబ్బా సంచిలో పెట్టావా అని మాత్రం అడిగాను. అక్క ఫోన్ దగ్గరగా పెట్టి డబ్బాను రెండుసార్లు గలగలా ఆడించింది.