నీళ్ళను నమ్మని ఖాలా

మొన్న శుక్రవారం తెల్లవారుజామున మా ఖాలా నిద్రలోనే పోయింది. కింద నుంచి ఆమె కోడలు ఏడుస్తూ పిలిస్తే పై పోర్షన్ నుంచి పరుగున దిగాను. నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి పట్టుకుని చూశాను, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. "డాక్టర్ సరిగ్గానే చూశాడా?" అని ఆమె కొడుకును అడిగాను. అడిగాక తెలిసింది, ఆ ప్రశ్న నాది కాదు, ఆమెది. ఎవరేం చెప్పినా సరిగ్గా చూశారా అని అడగడం ఆమె దగ్గరే నాకు అంటుకుంది.

ఖాలా అంటే పిన్ని. నాకు చుట్టమేమీ కాదు, మా ఇంటి ఓనరు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట వెళ్ళే దారిలో, జొన్నచేలు ప్లాట్లుగా మారిన చోట ఆమె ఇల్లు. 2009లో మేము అద్దెకు దిగిన రోజు గుమ్మంలో నిలబడి మా సామానంతా కళ్ళతోనే తనిఖీ చేసింది. గ్యాస్ సిలిండర్ ఊపి చూసి, "గిది నిండుగ లేదు బేటీ, నిన్ను మోసం జేసిండ్రు" అంది. మా ఆయన వైపు తిరిగి, "నువ్వు నిజంగనే కంపెనీల చేస్తవా?" అనీ అడిగింది. పాపం, ఆయన జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించాడు.

కాలనీలో ఆమెను శక్ ఖాలా అనేవారు. శక్ అంటే అనుమానం. ఆ సంగతి ఆమెకు తెలుసు. "అననియ్యి. వాళ్ళు కండ్లు మూసుకొని తింటరు, నేను సూసి తింట" అని నవ్వేది. పాల ప్యాకెట్ వాసన చూడనిదే కత్తెర వేసేది కాదు. పుచ్చకాయ బండివాడు ఆమె గేటు దగ్గరకు రాగానే బండి వేగం పెంచేవాడు. గాలి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి తిరిగి చెత్త వాసన వస్తే మేమంతా కిటికీలు మూసుకునేవాళ్ళం. ఖాలా మాత్రం ముందు మెట్లెక్కి వచ్చి మా చెత్తబుట్ట మూత తీసి చూసేది.

అన్నిటికన్నా ఎక్కువ అనుమానం ఆమెకు నీళ్ళ మీద. అందులో ఆమెను తప్పు పట్టలేం. అప్పట్లో కాలనీకంతా బోరు నీళ్ళే. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. కొన్న నెలకే బకెట్టుకు తెల్లటి పొర కడుతుంది, కడిగిన గ్లాసు ఆరితే సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. తలస్నానం చేస్తే జుట్టు చీపురులా నిలబడేది. అన్నం పసుపు రంగుకు తిరిగేది. ఇక కందిపప్పు సంగతి చెప్పనక్కర్లేదు. ఎన్ని విజిల్స్ వచ్చినా బద్ద బద్దగానే ఉండేది. అందుకే ఖాలా నీళ్ళను నాలుకతో పరీక్షించేది కాదు, పప్పుతో పరీక్షించేది. చిన్న గిన్నెలో పిడికెడు పప్పు వేసి, కుక్కర్ లేకుండా ఉడకబెట్టి, ఒక బద్దను వేళ్ళ మధ్య నలిపేది. నలిగితే మంచినీళ్ళు. నలగకపోతే అవి మొక్కలకు, బాత్రూముకు.

కొన్నాళ్ళకు మా వీధికి నది నీళ్ళ నల్లా వచ్చింది. మంజీర అని కొందరు, కృష్ణ అని కొందరు. ఏ నదైతేనేం, కాలనీ అంతా పండగే. రోజు విడిచి రోజు నీళ్ళ బోర్డు లైన్‌మన్ సైకిల్ మీద వచ్చి, వీధి చివర గుంతలో ఉన్న వాల్వును పొడవాటి ఇనుప చావితో తిప్పేవాడు. నీళ్ళు నేలలోని సంపులో పడేవి, మోటారుతో పైకి ఎక్కించుకునేవాళ్ళం. ఖాలా మాత్రం సంపులోంచి చేదతో నీళ్ళు తోడి పప్పు పెట్టింది. పప్పు ఉడకలేదు. ఆ తర్వాతి వంతులోనూ ఉడకలేదు.

ఇక ఆమె కథ అల్లేసింది. లైన్‌మన్ నది నీళ్ళు ట్యాంకర్లకు అమ్ముకుంటున్నాడు, మనకు ఎక్కడిదో బోరు నీళ్ళు వదులుతున్నాడు. నిజం చెప్పాలంటే నేను కూడా నమ్మాను. వంతు రోజున అతను గుంత దగ్గర వంగి ఉండగా ఖాలా పప్పు గిన్నె తీసుకెళ్ళి అతని ముక్కు కింద పెట్టింది.

"గిదేంది? మంజీర నీళ్ళల్ల పప్పు రాళ్ళ లెక్క ఉంటదా?"

"అమ్మా, నేను వాల్వు తిప్పుత, గంతే. నీళ్ళల్ల నేనేం కలుపుత?"

"కలపవు. అమ్ముకుంటవు."

అతని ముఖం నల్లబడింది. అప్పటికే నాలుగిళ్ళ ఆడవాళ్ళు చేరారు. ఒకామె పసుపెక్కిన తెల్లచొక్కా తెచ్చింది, ఇంకొకామె గీజర్ పాడైందని అరిచింది. ఎవరో ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ వచ్చి, విని, వచ్చే వారం నుంచి వేరే మనిషిని పంపుతానని చెప్పి వెళ్ళాడు. లైన్‌మన్‌ది కాంట్రాక్టు పని. తీసేస్తే అడిగే దిక్కు ఉండదు. సైకిల్ ఎక్కబోతూ లైన్‌మన్ ఒక్క మాట అన్నాడు. "అమ్మా, నా పిల్లల మీద ఒట్టు. ఒక్కసారి పైపు మూతి కాడ పట్టి ఉడకవెట్టు. ఇంకేం అడుగ."

ఆ మాట ఖాలాను కుదురుగా ఉండనివ్వలేదు. తర్వాతి వంతుకు నీళ్ళు సంపులో పడకముందే పైపు మూతికి గిన్నె పట్టింది. పప్పు వెన్నలా ఉడికింది. ఆమె వెంటనే పప్పును అనుమానించింది, నా డబ్బాలోది అడిగి తీసుకెళ్ళింది. అదీ ఉడికింది. స్టవ్ వైపు కాసేపు అనుమానంగా చూసింది గానీ దాన్ని అనడానికి ఏమీ దొరకలేదు.

మర్నాడు బాత్రూముల ట్యాంకు కోసం నేను బోరు మోటారు వేయగానే కింద నుంచి కేక వినిపించింది. "బంద్ చెయ్!" ఆపాను. "మళ్ళ వెయ్యి!" వేశాను. దిగి చూస్తే ఖాలా సంపు మూత తీసి, నేల మీద బోర్లా పడుకుని, తల లోపలికి పెట్టి ఉంది. నల్లా రాకముందు ఆ సంపులో బోరు నీళ్ళే పడేవి. తర్వాత ఆ బోరు పైపుకు వాల్వు బిగించి వదిలేశారు. ఆ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. మోటారు వేసినప్పుడల్లా బోరు నీళ్ళు సన్నగా సంపులో పడుతున్నాయి. ఖాలా లేచి, దుమ్ము కూడా దులుపుకోకుండా మెట్టు మీద కూర్చుంది.

"దొంగ నా ఇంట్లనే ఉండె బేటీ. నేను బయట ఎతికిన."

కొడుకు నెమ్మదిగా నచ్చజెప్పాడు. వాల్వు మార్పిద్దాం, ఎవరికీ చెప్పొద్దు, ఎలాగూ కొత్త మనిషి వస్తున్నాడు, పరువు పోతుంది అన్నాడు. ఖాలా అతని వైపు ఎలా చూసిందంటే, నాకే భయం వేసింది. "పరువు నాదా? వాని బువ్వ పోతాంది" అంది.

ఉడికిన పప్పు గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పక్కన నేనూ ఉన్నాను. ప్రతి గుమ్మంలో అదే మాట. "తప్పు నాది. గాయన మంచోడు. మీ సంపులు గూడ సూసుకోండ్రి." కొందరి సంపుల్లోనూ అదే తంతు బయటపడింది. కొందరు మాత్రం మూత ఎత్తడానికి కూడా ఒప్పుకోలేదు. ఆ తర్వాత నా ఫోన్‌లోంచి సూపర్‌వైజర్‌తో మాట్లాడింది. అతను విసుక్కున్నా వదల్లేదు, లైన్‌మన్ పని ఉంటుందని ఒప్పించుకునేదాకా ఫోన్ నా చేతికి ఇవ్వలేదు. తప్పు ఒప్పుకోవడానికి అంత దూరం వెళ్ళిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజు నుంచే ఆమె మీద నాకు ప్రేమ కలిగింది.

లైన్‌మన్ మాత్రం కరగలేదు. ఆమె ఎదురొచ్చి "మాఫ్ చెయ్ బిడ్డా" అంటే తల ఊపి వెళ్ళిపోయాడు. ప్రతి వంతుకీ ఖాలా చాయ్ పంపేది. "ఇప్పుడే తాగిన" అని తిప్పి పంపేవాడు. ఎండాకాలంలో మజ్జిగ పంపినా అదే జవాబు. "ఇగ సూడు, నా మీద వానికి శక్" అని ఆమె నవ్వబోయేది, నవ్వు సగంలోనే ఆగిపోయేది. ఏళ్ళు గడిచినా ఆ కప్పు నిండుగానే తిరిగొచ్చేది. అంతమందిని అనుమానించిన మనిషికి ఒక్కడి అనుమానం అంత బరువైంది. ఈ మధ్య జ్వరంలో కూడా "నల్లా ఇడిసిండా? వాని మొఖం ఎట్లున్నది?" అని నన్ను అడిగింది. మామూలుగానే ఉంది ఖాలా అన్నాను. నమ్మలేదు.

ఆమె పోయిన శుక్రవారం మా వంతు కాదు. ఖాలాకు చివరి స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్ళు మంచినీళ్ళు అడిగారు. సంపులో అడుగున మాత్రమే ఉన్నాయి. కొడుకు క్యాన్ల కోసం బండి తీశాడు. అంతలో నల్లా పైపు గుర్రుమంది. వంతు కాని రోజు నీళ్ళేమిటని నాకు అనుమానం వచ్చింది. దోసిట పట్టి చూశాను. మంచినీళ్ళే. గేటు బయటకు వెళ్ళి చూస్తే వీధి చివర గుంత దగ్గర లైన్‌మన్, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో ఇనుప చావితో నిలబడి ఉన్నాడు.

"ఇవాళ మా వంతు కాదు కదా అన్నా. పై గల్లీ వాళ్ళు ఫిర్యాదు చేస్తే నీ పని పోదా?"

"అడిగితే నా పేరే చెప్పుండ్రి" అన్నాడు నా వైపు చూడకుండా. "ముందు ఆమెకు స్నానం కానియ్యుండ్రి."

పైపు మూతి దగ్గరే బకెట్లు నింపి, స్నానం కోసం వాకిట్లో కట్టిన పరదా లోపలికి అందించాను. లోపల రేగాకులు వేసి నీళ్ళు కాస్తున్నారు. ఒక్కో బకెట్టూ పరదా వెనక్కి వెళ్ళడం అతను అక్కడి నుంచే చూస్తున్నాడు. ఇక చాలమ్మా అని లోపలి నుంచి మాట వచ్చి, నేను వీధిలోకి వెళ్ళి చెయ్యి ఊపేదాకా అతను చావి తిప్పి వాల్వు మూయలేదు.