తాళం నా జేబులో, కరెంటు లోపల

బెళుగుప్ప దాటాక ఎర్రమట్టి దారి. రెండేళ్ళుగా విత్తనం పడని చేలు. ఏప్రిల్ ఎండ. జీపు దిగగానే గాలి నోట్లోకి దుమ్ము కొట్టింది. పుణేలో ఉన్న మీకు ఆ గాలి ఎలా చెప్పాలో తెలియడం లేదు, కన్నలూ. తడిపి తలకు చుట్టుకున్న తువ్వాలు గేటు దాకా నడిచేలోపు ఎండిపోయేది.

మీ అవ్వ కేంద్ర బలగాల్లో పని చేసిందని మీకు తెలుసు. రిటైరయ్యాక చేసిన ఆఖరి డ్యూటీ ఇది. ఊళ్ళకు తాగునీళ్ళు పంపే పంపుహౌసుకు కాపలా. లాఠీ, టార్చి, వాకీటాకీ, నీళ్ళ సీసా. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. నీళ్ళు ఆగితే జనం ఖాళీ బిందెలతో గేటు మీదికి వచ్చేవాళ్ళు.

సూపర్‌వైజరు మా పాత హవల్దారే. అడవి క్యాంపులో ఆయన వైర్‌లెస్‌లో "రాస్తా సాఫ్" అన్నాడంటే, మందుపాతర భయం వదిలేసి అడుగేసేదాన్ని. ఆయన ఉన్నాడనే ఈ పనికి ఒప్పుకున్నాను.

మొదటి రోజే నన్ను మోటారు ప్యానెల్ ముందుకు తీసుకెళ్ళాడు. మనిషెత్తు ఇనుప బీరువా. పక్కన రెండు స్విచ్చులు.

"పెద్దది మోటారుకు పోయే కరెంటు. చిన్నది ఆర్డర్ల కరెంటు. మోటారుకు తిరుగు, ఆగు అని చెప్పేది. అది వేరే లైన్లో వస్తాది. పెద్దది ఆపినా ఇది బతికే ఉంటాది. లోపల ఎవరన్నా చెయ్యి పెట్టల్లంటే రెండూ ఆపల్ల, రెండిటికీ తాళమెయ్యల్ల. తాళంచెవులు నీ కాడే ఉండల్ల."

"చిన్నది ఏం చేస్తాదిలే అన్నా?"

"మనిషిని సంపేదానికి అది చాలమ్మా."

వైర్‌మన్ మస్తాన్ది కర్ణాటక సరిహద్దు గుమ్మఘట్ట. కోపమొస్తే కన్నడంలో తిట్టేవాడు, నవ్వొస్తే తెలుగులో.

"ఏమ్మా సిపాయమ్మా, లాఠీ పట్టుకోని కరెంటుకు కాపలా కాస్తాండావా?"

"కరెంటుకు కాదప్పా. నీకు."

మే నెలలో ఒక మధ్యాహ్నం మోటారు ఆగిపోయింది. కాసేపటికే గేటు బయట బిందెల చప్పుడు. వాకీటాకీలో హవల్దారు అరుస్తున్నాడు: "బిరీన కానీండప్పా! జనం రోడ్డు మింద కూచున్యారు!"

రెండు స్విచ్చులూ తిప్పాను. రెండు పిడులూ ఆఫ్ గుర్తు మీదికి వచ్చాయి. తాళాలు వేసి చెవులు జేబులో వేసుకున్నాను.

మస్తాన్ పెద్ద తీగల మీద టెస్టరు పెట్టాడు. వెలగలేదు. లోపలి సన్న తీగల వైపు వంగుతూ అడిగాడు.

"రెండూ ఆపినావా అమ్మా?"

"ఆపినా నాయనా. చెవులు నా జేబులోనే ఉండాయి."

టెస్టరు కింద పెట్టి చెయ్యి లోపలికి పెట్టాడు.

అరవలేదు. పళ్ళు కరుచుకున్న చప్పుడు వినిపించింది. చెయ్యి తీగకు అతుక్కుపోయింది. లాఠీతో మోచేతి మీద కొట్టి విడిపించాను. మూడు వేళ్ళు నల్లబడ్డాయి. జీపులో నా ఒళ్ళో తల పెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు.

మర్నాడు పొద్దున తిరిగి వెళ్ళేసరికి చిన్న స్విచ్చు కొత్తగా మెరుస్తోంది.

"పాతది యాడుంది అన్నా?"

హవల్దారు నా ముఖం చూడలేదు. "వారం కిందనే కాలిపోయినాది. కొత్తది రాత్రి దాకా రాలేదు. నీళ్ళు ఆగకూడదని ఎనకాల తీగలు కలిపేసినా. పిడి ఉత్తదే తిరుగుతాండె."

"నాకు ఒక మాట చెప్పింటే?"

"మరమ్మత్తు ఇంత బిరీన వస్తాదనుకోలేదమ్మా."

అంతలో ఇంజనీరు వచ్చాడు. హవల్దారు సెల్యూట్ కొట్టి చెప్పాడు. "ఆమె చిన్నది ఆపలేదు సార్. వయసైంది, మర్సిపోయింటాది."

"తిప్పినా సార్! తీగలు కలిపింది ఈయప్పే. ఇప్పుడే నాతో చెప్పినాడు!"

ఇంజనీరు కొత్త స్విచ్చు తిప్పి లోపల టెస్టరు పెట్టాడు. వెలగలేదు. "బాగానే పని చేస్తాంది కదమ్మా," అన్నాడు, మెల్లగానే.

ఆ సాయంత్రమే నన్ను డ్యూటీ నుంచి తప్పించారు. నా ట్రంకుపెట్టెను హవల్దారే మోసుకొచ్చి జీపులో పెట్టాడు.

"నువ్వు ఎట్లయినా ఇంటికి పోయేదానివే. నేను ఈడే బతకల్ల కదమ్మా," అన్నాడు.

జీపెక్కి కూర్చున్నాను. బలగాల్లో ఉన్నన్నాళ్ళూ శత్రువు ఎటువైపు ఉంటాడో వెతకడం నేర్పారు. పక్కన నిలబడినవాడి వైపు చూడమని ఎవరూ చెప్పలేదు.

ఇంటికి పోతూ ఆసుపత్రి దగ్గర దిగాను. హవల్దారు మాట నాకంటే ముందే అక్కడికి చేరింది. మస్తాన్‌కు జరిగిందంతా చెప్పాను. కుడిచేతి కట్టు చూసుకుంటూ విన్నాడు.

"నువ్వు చెప్పినావనే కదమ్మా చెయ్యి పెట్టినా," అన్నాడు. అంతే.

ఇంటికొచ్చి ఏళ్ళు గడిచాయి. అడవి క్యాంపు కలలోకి రావడం మానేసింది. ఇది మానలేదు. వైర్‌మన్లకు ఒక అలవాటుంది. నమ్మకం లేని ఇనుమును మొదట చేతి వెనకవైపుతో తాకుతారు. కరెంటు ఉంటే చెయ్యి వెనక్కి పోతుంది, అతుక్కోదు. ఆ రోజు ఆసుపత్రిలో స్టీలు గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చాను. మస్తాన్ ఎడంచెయ్యి చాపాడు. వేళ్ళు ముడిచి, వెనకవైపుతో గ్లాసును ఒకసారి తాకాడు. ఆ తర్వాతే అందుకున్నాడు.

గ్లాసు పట్టుకున్నది నేను, కన్నలూ.