గుర్రాల దళం మీద మా బావ దయ

ఈ రోజు బావకు సెలవు. గోడాదరా బస్తీలో మా అక్క ఇంట్లో, నేను తెచ్చిన యుద్ధం ఆట ముందేసుకుని కూర్చున్నాం. మా బావ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానాలో సూపర్‌వైజరు.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. శత్రువు పక్క గడిలోకి వెళ్లిన దళం, దాని బదులు నిలబడడానికి ఇంకో దళం వచ్చేదాకా వెనక్కి కదలకూడదు. ముందే చెప్పాను. అయినా బావ ఉత్సాహంగా తన గుర్రాల దళాన్ని తెచ్చి నా ఫిరంగుల పక్కనే పెట్టాడు. నా వంతులో అది సగం దెబ్బతినగానే వెనక్కి లాగబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

“గిదేం రూలు బామ్మర్ది? సగం సచ్చినయ్. జర ఎన్కకు పోనియ్యరాదు? గింతన్న దయ లేకుంటె ఎట్ల?”

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. కార్ఖానా నుంచి ఒక కార్మికుడు. స్పీకర్లో పెట్టాడు. “అన్నా, జ్వరమొచ్చింది. నిలవడలేకపోతున్న. రూముకు పోత.”

బావ కళ్లు గుర్రాల మీదే ఉన్నాయి. “బదిలీ మనిషి వచ్చేదాంక సాంచెలు ఇడిశి కదలకు,” అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి, “ఒక్క గడి బామ్మర్ది, ఒక్కటంటే ఒక్కటే,” అని మళ్లీ బతిమాలాడు.

నేను పోనివ్వలేదు. ఆ దళాన్ని లేపేశాను. అప్పటి నుంచి బావ నాతో మాట్లాడడం లేదు. నాది రాతి గుండె అని వంటింట్లో అక్కతో చెబుతున్నాడు.

మీరే చెప్పండి, ఆ గుర్రాలను వదిలెయ్యాల్సిందా? జ్వరమొచ్చిన మనిషి సంగతి మాత్రం నన్నడక్కండి. బదిలీ మనిషిని పంపమని బావ ఇంతవరకు ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.