పెరగదు బిడ్డా

రాజనర్సయ్యకు ఒకటే జబ్బు: ఏ పనీ సవ్యంగా జరుగుతుందని నమ్మడు. పంజాగుట్టలోని ఒక ల్యాబులో ఈస్ట్ పెంచడానికి ప్లేట్లలో మేత పోసే ఉద్యోగం ఆయనది. ప్రతి ప్లేటూ చేతికిస్తూ, "పెరగదు బిడ్డా, జర ఆశ తక్కువ పెట్టుకో" అనేవాడు. చాయ్ వస్తే "పాలు విరిగినయేమో" అనేవాడు. ఎవరి పెళ్లి కార్డు చూసినా "ఆ రోజు వాన పడతది" అనేవాడు, ముహూర్తం మే నెలలో ఉన్నా.

అది ఊరంతా కంప్యూటర్లు నేర్చుకుంటున్న 2000వ సంవత్సరం. ఆ ల్యాబులో పరిశోధన చేసే సాయిమా మాత్రం ఈస్ట్‌ను పట్టుకుని కూర్చుంది. ఆ ఈస్ట్ జన్యువు నడిమధ్యలో, ఉండకూడని చోట, 'ఇక్కడ ఆపు' అనే గుర్తు పడింది. దాంతో ప్రోటీన్ సగంలోనే ఆగిపోయి ఈస్ట్ ఎర్రబడేది. ఆ గుర్తును దాటించి చదివించే టీఆర్‌ఎన్‌ఏ అనే అణువు కోసం సాయిమా తంటాలు పడుతోంది. అది పనిచేస్తే ఈస్ట్ తెల్లగా పెరగాలి. మూడేళ్లుగా ఎర్రగానే పెరుగుతోంది.

"ఎరుపు సుత మంచిదే. బతికైతే ఉన్నది," అని ఓదార్చేవాడు రాజనర్సయ్య.

ఎట్టకేలకు తెల్లగా పెరిగింది. సాయిమా మురిసేలోపే, "నిలవదు" అన్నాడు.

నిలవలేదు. ఆదివారం ఇంక్యుబేటర్ పాడై, వేడెక్కి, ప్లేట్లన్నీ మాడిపోయాయి. గురువారమే సమీక్ష. మళ్లీ చేయాలంటే నెలలు పడుతుంది. ల్యాబ్ పెద్ద చక్రపాణి కళ్లజోడు తుడుచుకుంటూ, "చూపించడానికి ఏమీ లేకపోతే నేనేం చెప్పనమ్మా? ఈ పని మూసేస్తారు" అన్నారు.

మంగళవారం సాయిమా కంప్యూటర్ కోర్సులు నేర్పే మైత్రీవనంలో, జావా కోర్సులో చేరేవాళ్ల వరుసలో నిలబడింది. ఏడుపు కూడా రాలేదు. ఫారంలో 'అనుభవం' అన్న చోట పెన్ను కదల్లేదు.

అంతలో జనాన్ని తోసుకుంటూ టిఫిన్ క్యారియర్‌తో రాజనర్సయ్య వచ్చాడు. మూత తీశాడు. లోపల రెండు ప్లేట్లు. ఒకదాంట్లో ఎర్ర ఈస్ట్, రెండోదాంట్లో తెల్లది.

"ఎక్కడివి నర్సన్నా?"

"నీవే. పోతయని నాకు పక్కా నమ్మకముండె. మూడేండ్ల సంది నీ ప్రతి ప్లేటుకు ఇంకోటి పోసి, నీ ఈస్ట్ అంటించి, చల్లగదిల దాస్తున్న. ఉత్తగ చెప్తే నమ్మవని తెచ్చిన."

నిజమే. ఆయన నోట శుభవార్త వింటే ఆమె నమ్మేది కాదు.

కౌంటర్లో ఉన్న రవళి, "పేరు చెప్పండి మేడమ్" అంది.

"రాసుకోకమ్మా," అన్నాడు రాజనర్సయ్య. "ఈ పిల్లకు కంప్యూటర్ అస్సలు ఎక్కదు."

సాయిమాకు ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చింది. గురువారం సమీక్షను గట్టెక్కించబోయేది ఆ రెండు ప్లేట్లే. నింపని ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లేట్లు కదలకుండా క్యారియర్ గిన్నెలో పక్కన దోపింది.