మెడలో ఎర్ర తాడు

రేవులో ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసిన ఫెర్రీ మోటారు అరుపును మాన్పించడం మా మేనకోడలి మొదటి గెలుపు. అప్పటికి ఆమెకు షెడ్డు లేదు, అరువు తెచ్చిన స్పానర్ల సంచి ఉంది. మోటారు వేడెక్కిందని అలారం ఆగకుండా కూస్తోంది. వాళ్లు పంపు మార్చారు, గొట్టాలు ఊదారు, చివరికి అలారమే పాడైందని తేల్చి దాని తీగ కోయబోయారు. ఆమె థర్మోస్టాట్ విప్పి ఇంటికి తెచ్చి, పాలగిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేసింది. వేడికి తెరుచుకోవాల్సిన ఆ చిన్న కవాటం ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. నీళ్లు తెర్లాయి గానీ అది కదల్లేదు. కొత్తది వేసేసరికి కూత ఆగింది. గిన్నె పాడైందని మా ఆవిడ తిట్టింది. నా చదువు ఐదో తరగతితో ఆగినా, మా ఇంటి పిల్ల ఏం సాధించిందో ఆ పూటే రేవంతా తిరిగి చెప్పాను.

ఫెర్రీలూ షెడ్లూ అన్నీ షావుకారువే. ఆ పనికి మెచ్చి మూల షెడ్డు ఆమెకిచ్చాడు. తల్లి లేని పిల్లకు నేను పెట్టింది అన్నం, ఆ షెడ్డు పెట్టింది బతుకు. తర్వాత వరద పడవల మోటార్లు బాగుచేసింది. పై ఊరి రేవులవాళ్లు బండి పంపి పిలిపించుకున్నారు. విడివిడిగా కూస్తే ముందు నూనె చూడాలి, ఆగకుండా కూస్తే ముందు నీళ్లు చూడాలి, విన్న తర్వాతే విప్పాలి అనేది. అందుకే ఆమెను చెవులపిల్లి అని పిలిచేవాళ్లు.

ఆమెకో పద్ధతి ఉంది. ఆ మోటార్లకు స్విచ్చి దగ్గర ఎర్ర తాడు కట్టిన బిళ్ల ఉంటుంది. అది తీస్తే మోటారు తిరగదు. ఆమె దాన్ని మెడలో వేసుకున్నాకే మూత ఎత్తేది. తాడు మెడలో ఉందంటే తాళంచెవి ఎవరూ ముట్టకూడదు.

"మొగుడు కట్టాల్సింది మోటారు కట్టిందే," అని టికెట్లవాడు వేళాకోళం ఆడేవాడు.

"మోటారు నయం. అరిస్తే కారణం ఉంటుంది," అనేది ఆమె.

ఆ ఉదయం పెద్ద ఫెర్రీ విడివిడిగా కూస్తోంది. నూనె నిండుగా ఉంది. నూనె అలారానికి వెళ్లే తీగ ఎక్కడో ఒరుసుకుపోయిందని ఆమెకు అర్థమైంది. తీగ కదిపితే కూత ఆగుతుందో లేదో వినాలి కాబట్టి బ్యాటరీ తీయలేదు. తాడు మెడలో వేసుకుని, ఫ్లైవీల్ చక్రం కిందికి చెయ్యి పెట్టింది. షావుకారు చుక్కాని దగ్గర ఫోన్‌లో ఉన్నాడు. జనం ఎక్కి కూర్చున్నారు.

"ఏమ్మా, మోటారుకు జోల పాడుతున్నావా?" అన్నాడు, ఫోన్ చెవి నుంచి తీయకుండానే.

"చెయ్యి లోపలుంది బాబాయ్. తాళం ముట్టొద్దు."

కూత ఆగింది. ఆ రేవులో ప్రతివాడూ తాడు పోతుందని జేబులో ఇంకో బిళ్ల ఉంచుకుంటాడు. షావుకారు తన బిళ్ల పెట్టి తాళం తిప్పాడు.

రెండు వేళ్లు పోయాయి. కుడిచేతివి.

చేతికి చొక్కా చుట్టి ఒడ్డుకు దించుతుంటే ఆమె అన్నది ఒక్కటే. "తీగ మీద తోలు ఊడింది. టేపు చుట్టండి."

చుట్టారు. మూత మీది నెత్తురు కడగకుండానే బిగించారు. ఆ రోజు ఫెర్రీ ఆలస్యం కాలేదు.

షావుకారు ఆసుపత్రికి అరటిపళ్లతో వచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను.

"చెవులు బాగానే ఉన్నాయిగా, అదృష్టం," అన్నాడు. "అయినా తాడు మెడలో వేసుకుంటే సరా? నోరు తెరిచి చెప్పొద్దూ?"

"చెప్పాను బాబాయ్. మీరు ఫోన్‌లో ఉన్నారు."

"సరేలే, జరిగిందేదో జరిగింది. జూన్ పదకొండు దాకా షెడ్డు నీదే. ఆ రోజుకి వచ్చి స్పానర్ పట్టుకుంటే సరే. లేదంటే మా బావమరిదికిస్తా. ఇంతకన్నా ఎవడాగుతాడు?"

ఆమె ఎడమచేత్తో అరటిపండు వలవబోయింది, రాలేదు. ఆయన చూస్తూ నిలబడ్డాడు గానీ వలిచి పెట్టలేదు.

ఆయన వెళ్లాక నర్సు గది సర్దుతూ చెప్పింది. "మీ షావుకారుకు ఎంత బెంగో. లోపలికి రాకముందే, ఇంటికి ఎప్పుడు పంపిస్తారని అడిగి కనుక్కున్నారు."

"ఏం చెప్పావమ్మా?" అన్నాను.

"ఉన్నదే చెప్పాను. జూన్ పన్నెండు."