పెద్దమ్మ మీద పడిన వెలుగు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు, అంటే అలా అనుకునేవాణ్ణి. విశాఖలో ఒక డాన్సు బృందం దగ్గర లైట్ల పనికి కుదిరి నెల కాలేదు, అప్పటికే ఇంట్లో ఫ్యాను చూడమంటే "అది నా లైను కాదు" అనేంత ఎదిగిపోయాను. మా లైట్లు మామూలువి కావు మరి. పైనున్న కెమెరా మనుషుల కదలిక చూస్తుంది, ఎవరు ఎక్కువ కదిలితే వెలుగు వాళ్ళ మీదికి వెళుతుంది, కదిలిన కొద్దీ పెరుగుతుంది. స్విచ్చి నొక్కే పనే లేదు. మొదటి ప్రదర్శన సవ్యంగా జరిగితే ఉద్యోగం ఖాయం చేస్తానని, నాట్యం చేసే మేడమ్ మాటిచ్చారు.

కుర్చీలు నిండవేమోనని భయపడి, సబ్బవరం నుంచి మా పెద్దమ్మనూ ఆమె వెంట పదిమంది ఆడవాళ్ళనూ పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టాను. కెమెరాను కూడా ఆ వరస కనిపించేలా బిగించాను (ఎందుకని అడక్కండి, వైరు చాలలేదు). ఖాళీ హాల్లో పరీక్షిస్తే బాగానే పనిచేసింది.

ఆట మొదలైంది. చీకట్లో, వేదిక మధ్య కదలకుండా కూర్చున్న మేడమ్ మెల్లగా ఒక వేలు కదిపారు. ఆమె మీద దీపమంత వెలుగు పుట్టింది. అంతే, సంధ్యవేళ ఇంట్లో దీపం వెలగగానే చేసే అలవాటు కొద్దీ పెద్దమ్మా, ఆమె పరివారమూ చటుక్కున చేతులు జోడించి కళ్ళకద్దుకున్నారు. పదకొండు జతల చేతులు. వెలుగు మేడమ్‌ని వదిలేసి ఒక్క గంతులో వచ్చి పెద్దమ్మ మీద పడింది. వెలుగు పెరిగిందని వాళ్ళు మళ్ళీ దండం పెట్టారు. దండం పెట్టిన కొద్దీ వెలుగు, వెలుగు పెరిగిన కొద్దీ దండం. చీకట్లోంచి మేడమ్ గజ్జెలు మాత్రం వినిపిస్తున్నాయి.

అయ్యాక మేడమ్ నేరుగా నా దగ్గరికొచ్చారు. "ఎవరు వీళ్ళంతా? నువ్వు పిలిచావా?"

"నాకు తెలీదండీ" అన్నాను.

పెద్దమ్మ పక్కనే ఉంది, విన్నది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నిజం చెప్పేస్తుందనుకున్నాను.

"అవునమ్మా, ఈ బాబెవులో మాకు తెల్దు" అంది పెద్దమ్మ. "దీపం ఎలిగింది గదాని దండవెట్టుకున్నాం. తప్పు మాదే."

మేడమ్ మెత్తబడ్డారు, ఉద్యోగం నిలిచింది. నేను మాత్రం సిగ్గుతో చచ్చిపోయి, వాళ్ళెక్కిన సబ్బవరం బస్సే పరిగెత్తి ఎక్కాను. పెద్దమ్మ కాస్త జరిగి చోటిచ్చింది. నేను కూర్చున్నాక, నవ్వకుండా అడిగింది.

"ఏ ఊరు బాబూ మీది?"

వెంటున్న పదిమందీ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు దాచుకోవడానికి. ఇప్పటికీ ఎప్పుడు సబ్బవరం వెళ్ళినా పెద్దమ్మ గుమ్మంలోనే అదే అడుగుతుంది. నేనూ నవ్వుతూ లోపలికి వెళతాను.