గుమ్మం బయట బూట్లు

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకూడదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఆయన పేరు రాయను. మీ పిల్లల గది గోడ మీద ఆయన బొమ్మ ఉండే ఉంటుంది. వేలమంది ముందు గిటార్ విరగ్గొట్టిన ఆ మనిషి ప్రతి శనివారం అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లోని మా అపార్ట్‌మెంట్‌కు వచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని, నా దగ్గర మృదంగం నేర్చుకునేవాడు. తప్పు వాయిస్తే నాలుక కరుచుకునేవాడు.

లోకమంతా గుర్తుపట్టే పాముచర్మం బూట్లు ఆయనవి. "లోపల పెట్టుకోనా గురూజీ? ఎవరైనా చూస్తే కష్టం" అని మొదటిరోజే అడిగాడు. "ఇంట్లో దేవుడున్నాడు, గుమ్మం బయటే" అన్నాను. ఒక ప్లాస్టిక్ సంచి ఇచ్చి లోపల పెట్టించుకుంటే దేవుడు కాదనేవాడా? నిజం చెప్పనా, అవి పక్కింటివాళ్ల కంట పడాలని నాకు ఆశ.

పడ్డాయి. ఒక శనివారం ఆయన వెళ్లాక, వరండాలో ఒకతను ఎదురయ్యాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇక్కడే పుట్టిన తెలుగువాడు.

"అంకుల్, ఇందాక ఇక్కడున్న బూట్స్... హిస్, రైట్?"

"ఆయనవే బాబూ! నా శిష్యుడు."

"వావ్! మళ్లీ ఎప్పుడొస్తాడు అంకుల్? జస్ట్ ఒక్క ఫొటో."

"వచ్చే శనివారం, పదింటికి. డ్రైవర్ ముందువైపు కార్‌లోనే ఉంటాడు, ఈయన వెనక మెట్లెక్కి వస్తాడు. అక్కడ నిలబడు. కాఫీ తాగుతావా?"

తాగాడు. బ్రతుకంతా తాళం వేసినవాణ్ణి, నోటికి మాత్రం వేసుకోలేకపోయాను.

ఆ తర్వాతి శనివారం, ఆ వెనక మెట్ల మీదే, అతను ఆయన్ని కాల్చి చంపాడు.

"ఆయన రాకపోకలు ఎవరికైనా చెప్పారా?" అని పోలీసులు అడిగారు. లేదన్నాను. గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదప్పుడు. అది కారణమా, సాకా? డబ్బు తీసుకుని డ్రైవరే చెప్పాడని అందరూ అనుకున్నారు. రుజువు దొరకలేదు. ఆ తర్వాత అతనికి పనీ దొరకలేదు.

జైల్లో ఉన్నవాడు ఎప్పుడు నోరు విప్పుతాడోనని కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా హడలిపోతాను. వాడు ఎప్పటికీ విప్పడేమో, ఇది నాతోనే పోతుందేమో అన్నది అంతకన్నా పెద్ద భయం.

మొన్న టీవీలో డ్రైవర్ కనిపించాడు. జుట్టు నెరిసిపోయింది. "నేను చెప్పలేదు" అంటున్నాడు, ఇంకా.

అతను చెప్పలేదు. నేను చెప్పాను.

క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. కానీ రాస్తుంటే ఊపిరి అందుతోంది.